చెరకు తోట ముందు, రంగు సిద్ధాంతం తర్వాత

తెల్లోళ్లకి నల్లోళ్లంటే మొదట్నుంచీ అసహ్యం, అందుకే ఆఫ్రికా నుంచి పట్టుకెళ్లి బానిసల్ని చేస్కున్నారు అని మనలో చాలామంది అంటుంటారు, వినడానికి కరెక్టే అనిపిస్తుంది కూడా. కానీ వెస్టిండీస్‌లోని బార్బడోస్ దీవి చరిత్ర చూస్తే కథ చాలావరకు రివర్స్‌లో నడిచింది. అంతకుముందు చిన్నచూపు లేదని కాదు, 15వ శతాబ్దంలోనే పోర్చుగీసువాళ్లు ఆఫ్రికన్లని కొని అమ్మారు. కాకపోతే ఆ చిన్నచూపుని చట్టంగా, ఆ తర్వాత ఒక 'సైన్సు'గా తయారుచేసింది మాత్రం తోటల ఓనర్ల లాభనష్టాల లెక్కలే.

1627లో ఇంగ్లిష్‌వాళ్లు బార్బడోస్‌లో దిగినప్పుడు వేసింది పొగాకు, పత్తి. పనోళ్లలో ఎక్కువమంది తెల్లోళ్లే, ఐదేళ్లో ఏడేళ్లో చాకిరీ చేస్తామని కాగితం రాసిచ్చి వచ్చిన ఇంగ్లండ్, ఐర్లండ్ పేదోళ్లు. 1640ల్లో చక్కెర వచ్చాక మొత్తం మారిపోయింది. చెరకు సంగతి మనకి ఒకరు చెప్పక్కర్లేదు, కొట్టింది కొట్టినట్టు గానుగకి వెయ్యకపోతే రసం పులిసిపోతుంది, అందుకని సీజన్లో అక్కడ గానుగలు రాత్రీ పగలూ తిరిగేవి, నిద్రకి తూలుతూ గడలు అందించే మనిషి చెయ్యి రోలర్లలో ఇరుక్కుంటే ఒళ్లంతా లోపలికి పోకుండా చెయ్యి నరికేయడానికి కరీబియన్ తోటల్లో గానుగ పక్కనే గొడ్డలి పెట్టుకునేవాళ్లు. ఇలాంటి పనికి, గడువు అయిపోగానే మూట సర్దుకుని వెళ్లిపోయే మనిషి పనికిరాడు కదా, చచ్చేదాకా ఉండాలి, వాడి పిల్లలూ ఉండాలి.

అందుకే ఆఫ్రికా నుంచి బానిసల్ని తెచ్చుకున్నారు, 1661లో బార్బడోస్ అసెంబ్లీ బానిసలకి ఒక చట్టం, తెల్ల పనోళ్లకి వేరే చట్టం చేసింది. బానిసల చట్టంలో నల్లవాళ్లని మృగాల్లాంటి ప్రమాదకరమైన మనుషులని రాశారు. శిక్షించేటప్పుడు బానిస చచ్చిపోతే ఓనరుకి ఏమీ లేదు, కావాలని క్రూరంగా చంపితే జరిమానా, అది కూడా ఎంతనుకున్నారు, 3,000 పౌన్ల బరువు చక్కెర! మనిషి ప్రాణాన్ని చక్కెరతో తూచిన ఆ చట్టమే తర్వాత జమైకాకి, సౌత్ కరోలినాకి నమూనా అయింది.

ఇంకో చిక్కుంది. అప్పటిదాకా చెప్పుకున్న సాకు మతం, వాళ్లు క్రైస్తవులు కారు కాబట్టి బానిసలుగా ఉంచొచ్చని. మరి బాప్తిస్మం తీస్కుంటే? అమెరికాలోని ఇంగ్లిష్ కాలనీ వర్జీనియాలో ఈ ప్రశ్న వచ్చేసరికి 1667లో చట్టం చేసేశారు, బాప్తిస్మం తీస్కున్నా బానిస బానిసే అని. అంతకు ఐదేళ్ల ముందే తల్లి బానిసైతే బిడ్డా బానిసే అని రాసి పెట్టుకున్నారు, ఓనరే తండ్రైనా సరే. ఇక మతం సాకు పోయింది, మిగిలింది ఒంటి రంగు. 1676లో అదే వర్జీనియాలో గవర్నర్ మీద లేచిన బేకన్ తిరుగుబాటులో నల్ల, తెల్ల పనోళ్లు కలిసి తుపాకులు పట్టడంతో పెద్ద రైతులు బెదిరిపోయారు, ఆ తర్వాత వచ్చిన చట్టాలు చూడండి, 1705లో గడువు పూర్తయిన తెల్ల పనోడికి మొక్కజొన్న, కొంత డబ్బు, ఒక తుపాకీ ఇచ్చి పంపమన్నారు, బానిసల దగ్గరున్న పశువుల్నేమో లాక్కోమన్నారు. పేద తెల్లోడికి 'నువ్వు వేరు' అని చెప్పడానికి అయిన ఖర్చు అంతే.

'సైన్సు' వచ్చింది వీటన్నిటి తర్వాత. 1774లో నల్లవాళ్లు ఒరాంగుటాన్ కోతికి దగ్గరివాళ్లని రాసిన ఎడ్వర్డ్ లాంగ్ ఎవరో కాదు, జమైకాలో తోట ఉన్న జడ్జి.

1833లో బ్రిటన్ బానిసత్వం రద్దు చేసి 2 కోట్ల పౌన్ల పరిహారం ఓనర్లకిచ్చింది, బానిసలకి ఒక్క పైసా లేదు. అందులో లక్షకి పైగా పౌన్లు తీస్కున్న జాన్ గ్లాడ్‌స్టన్, తర్వాత బ్రిటన్ ప్రధాని అయినాయన తండ్రి, 1836లో దక్షిణ అమెరికాలోని తన గయానా తోటలకి కూలీలు కావాలని కలకత్తాలోని ఒక కంపెనీకి లెటర్ రాశాడు. ఛోటానాగపూర్ (ఇప్పటి జార్ఖండ్ వైపు) కూలీల గురించి ఆ కంపెనీ ఇచ్చిన జవాబులో ఏముందంటే, వీళ్లని మనిషి కన్నా కోతికి దగ్గరివాళ్లని అంటారు, తిండీ తాగుడూ నిద్రా తప్ప వేరే అవసరాలు లేవు అని. లాంగ్ మాటే, మనుషులు మారారు. డల్లాస్‌లోనో అట్లాంటాలోనో కూర్చుని 'అది నల్లోళ్ల ఏరియా, అటు ఇల్లు చూడకు' అనే మనవాళ్లకి ఈ లెటర్ ఒకసారి చదివి వినిపించాలనిపిస్తుంది నాకు.

ఎందుకంటే ఆ వరసలో తెలుగువాళ్లు కూడా ఉన్నారు. మన కోరంగి రేవు పేరు మీద మారిషస్‌లో తెలుగు కూలీలని కోరంగీలనే పిలిచేవాళ్లు, అక్కడా అవే చెరకు తోటలు, నిన్నటిదాకా ఆఫ్రికన్ బానిసలు పనిచేసినవి. 1867 చట్టం వచ్చాక, ఇన్నేళ్లు పనిచేస్తానని రాసిచ్చిన ఒప్పందం ఎప్పుడో పూర్తైపోయిన భారతీయుడు కూడా ఫొటో అంటించిన టికెట్ జేబులో లేకుండా రోడ్డు మీద కనిపిస్తే పోలీసులు పట్టుకెళ్లేవాళ్లు. దాని మీద 1871లో 9,401 మంది సంతకాలతో గవర్నర్‌కి పిటిషన్ పెట్టారు, ఆ పిటిషన్ తయారుచేసిన ప్లెవిట్జ్ అనే యూరోపియన్‌ని దేశం నుంచి వెళ్లగొట్టమని తోటల ఓనర్లు ఇంకో పిటిషన్ పెట్టారు.