ర్యామ్ అంటే ర్యామే కదా!

తెలుగువాళ్లకు వైద్యం తర్వాత పుట్టుకతోనే అబ్బే శాస్త్రం కంప్యూటర్ రిపేరు. ఇందులో మందు ఒక్కటే, ర్యామ్, అంటే కంప్యూటర్ పనిచేసేటప్పుడు వాడుకునే తాత్కాలిక మెమరీ. కంప్యూటర్ నెమ్మదించిందా? ర్యామ్ పెంచు. నెట్ రావడం లేదా? ర్యామ్ పెంచు. ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుందా? అది తర్వాత చూద్దాం, ముందు ర్యామ్ పెంచు.

ఈ వైద్యంలో మా బాబాయి ఆచార్యుడు. ఆయనకో డీటీపీ సెంటర్ ఉంది, అంటే కంప్యూటర్ మీద అక్షరాలు కూర్చి అచ్చుకు సిద్ధం చేసే కొట్టు. 2010లో కొన్న డెస్క్‌టాప్ మీద, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో, అను అనే తెలుగు ఫాంట్లతో శుభలేఖలు, కరపత్రాలు, పెద్దకర్మ కార్డులు కొడతారు. ఆ పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో. దాని తర్వాత తమ్ముళ్లెవరూ పుట్టలేదు. అందుకే బాబాయి దాన్ని వదలరు, అది బాబాయిని వదలదు.

"ఎనిమిది జీబీ చెయ్యరా, పరిగెడుతుంది" అన్నారు.

"ముందు లోపలున్నది ఏ మదర్‌బోర్డో చూద్దాం బాబాయ్."

"ర్యామ్ అంటే ర్యామే కదా!"

మా చెల్లికి సంబంధం చూసేటప్పుడు నక్షత్రం, పాదం, గణం, నాడి, చివరికి అబ్బాయి మేనమామ గోత్రం దాకా ఆరా తీసిన మనిషి ఈయనే.

మూత తీస్తే 2010 నుంచి పేరుకున్న దుమ్ము, దాని అడుగున మదర్‌బోర్డు. దాని మీద ఇంటెల్ జీ41 చిప్‌సెట్, అంటే ఏ ర్యామ్ ఎంత పడుతుందో తేల్చే చిప్పు. ఈ చిప్‌సెట్‌తో వచ్చిన బోర్డుల్లో కొన్ని డీడీఆర్2 అనే పాతరకం ర్యామ్‌వి, కొన్ని డీడీఆర్3 అనే ఆ తర్వాతి రకానివి. గరిష్ఠంగా 8 జీబీ. రెండు రకాల ర్యామ్‌కీ 240 పిన్నులే, పొడవూ ఒకటే. తేడా అంతా మధ్యలో ఉండే గాటు దగ్గర. ఒకదాని గాటు ఉన్నచోట ఇంకోదానికి ఉండదు. వోల్టేజీ కూడా వేరు, డీడీఆర్2కి 1.8 అయితే డీడీఆర్3కి 1.5. గాటు కుదరలేదంటే అది మన బోర్డుది కాదని అర్థం. మనవాళ్లు మాత్రం ఇంకాస్త గట్టిగా నొక్కాలని అర్థం చేసుకుంటారు.

మాది డీడీఆర్3 అని తేలింది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పోయి 4 జీబీ ర్యామ్ స్టిక్కులు రెండు తెచ్చాం. పవర్ వైరు పీకి, క్యాబినెట్ ఇనుము ముట్టుకుని ఒంట్లోని స్టాటిక్ వదిలించుకుని, రెండు చివర్లా క్లిప్పులు టక్కుమనేదాకా నొక్కాం. స్విచ్ వేశాం. ఫ్యాను తిరిగింది. మానిటర్ మాత్రం నల్లగా ఉండిపోయింది. లోపల్నుంచి ఆగకుండా బీప్, బీప్.

బాబాయి పెన్సిల్ రబ్బరు తెప్పించారు. నవ్వకండి, పాత స్టిక్కుల పిన్నుల మీద మకిలి రబ్బరుతో రుద్దితే నిజంగానే పోతుంది, చాలాసార్లు మిషను లేచి కూర్చుంటుంది కూడా. కానీ ఇవి కొత్తవి. అయినా భక్తిగా రుద్దారు. బీప్ ఆగలేదు.

మర్నాడు కౌంటర్ వెనక కుర్రాడు స్టిక్కు ఒకసారి తిప్పి చూశాడు. "ఇది ఎనిమిది చిప్పులదండీ. జీ41కి పదహారు చిప్పులది కావాలి."

ఎనిమిది గిగాబిట్లు కలిస్తే ఒక జీబీ. కాబట్టి 4 జీబీని నాలుగేసి గిగాబిట్ల చిప్పులు ఎనిమిదితోనూ చెయ్యొచ్చు, రెండేసి గిగాబిట్లవి పదహారుతోనూ చెయ్యొచ్చు. జీ41 పాతకాలపు కిరాణాకొట్టు లాంటిది. చిల్లరగా ఇస్తే ఎంతైనా లెక్కపెట్టుకుంటుంది, పెద్దనోటు చూపిస్తే మొహం తిప్పుకుంటుంది. డబ్బాల మీద జీబీలు పెద్దక్షరాల్లో అచ్చేసే మహానుభావులకు ఈ చిప్పుల లెక్క ఓ మూలనైనా వెయ్యాలని ఎందుకు తోచదో!

పదహారు చిప్పులవి పెట్టాక తెర వెలిగింది. బాబాయి కొబ్బరికాయ కొట్టబోతుండగా నేను ప్రాపర్టీస్ తెరిచి పాపం మూటగట్టుకున్నాను. మెమరీ 8 జీబీ, అందులో వాడుకోదగ్గది 3.25. లోపలున్నది 32 బిట్ల విండోస్ 7. దానికి నాలుగు జీబీల దాకానే లెక్క వచ్చు, అందులోనూ గ్రాఫిక్సు వగైరాలకు వాటా పోతుంది. మిగతా ర్యామ్ పెళ్లికొచ్చి భోజనం చెయ్యకుండా కూర్చున్న చుట్టంలా ఉంది. 64 బిట్లది వేద్దామంటే పాత ప్రింటర్ ఏమంటుందోనని బాబాయికి టెన్షన్. ఆ మాటకొస్తే పేజ్‌మేకర్‌ది కూడా 32 బిట్ల కడుపే, వడ్డించినా రెండు జీబీలు మించి తినలేదు.

అసలు రోగం 2010 నాటి హార్డ్ డిస్కుది. ఆ గిర్రున తిరిగే పళ్లెం తీసేసి, తిరిగే భాగాలేవీ లేని, వేగంగా నడిచే చిన్న ఎస్‌ఎస్‌డీ బిగించి ఉంటే పని ఎప్పుడో అయిపోయేది. ఈ సంగతి బాబాయికి మెల్లగా విడమరిచి చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. తెర మీద తిరుగుతున్న సున్నాని చూస్తూ గడ్డం నిమురుకున్నారు.

"అదంతా సరే గానీ, పదహారు చేస్తే?"