రెండు అంతస్తుల కప్పు ఒక్క కాగితం మీదికి రాదా?

శ్రీకాకుళంలో ఇళ్ల ప్లాన్లు గీసే పని నాది. ఈ మధ్య చాలామంది కింద వరండాకు పెంకుల వాలు, మేడ మీది గదికి మరో వాలు కావాలంటున్నారు. అడగడం న్యాయమే. గీయడం దగ్గరే ప్రాణం విసిగిపోతోంది. నా సాఫ్ట్‌వేర్‌లో కప్పును ఏ అంతస్తులో గీస్తే ఆ అంతస్తుకే చెందుతుంది. పై అంతస్తు తెరవగానే వరండా కప్పు మాయం! రిఫరెన్స్, అంటే వేరే అంతస్తు గీతలను అడుగున చూపించే సదుపాయం, పెట్టుకుంటే సన్నని గీతలుగా కనిపిస్తుంది, అదీ ఒక్క అంతస్తుదే. పైకి కాపీ చేస్తే త్రీడీలో ఒకే ఇంటికి రెండు కప్పులు. నిన్న వాలును 25 డిగ్రీల నుంచి 30కి పెంచాను. అసలుది మారింది, కాపీ మారలేదు.

ఆ వాలు పై గోడకు ఎక్కడ తగులుతుందో, కిటికీకి అడ్డం వస్తుందో లేదో మేస్త్రి ఒకే కాగితంలో చూడాలి కదా! వాన నీరు గోడలోకి దిగేది ఆ అతుకు దగ్గరే. 2018లో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన జిల్లా ఇది. ఇక్కడ కప్పు గీత తప్పు పోకూడదు. చివరికి రెండు ప్రింట్లు తీసి, కిటికీ అద్దానికి ఆనించి, పెన్సిల్‌తో ఒకదాని మీద ఒకటి దిద్దాను. అంత డబ్బు పోసి కొన్నది ఇందుకా?