తరుగు పోను 746 జీబీ

మా నెల్లూరోళ్లకి తరుగు కొత్త కాదు. పుట్టి వడ్లంటే 850 కిలోలని పిల్లాడిని అడిగినా చెబుతాడు. మిల్లు దగ్గరకెళ్లేసరికి తేమ అంటారు, తాలు అంటారు, పుట్టి బలిసిపోతుంది. ఆ అనుభవం వల్లనే కాబోలు, ట్రంకు రోడ్డు చుట్టుపక్కల ఒక ఆఫీసులో (పేరు చెప్పను, సోమవారం నాకూ అక్కడ పనుంది) కొత్తగా కొన్న 3 టీబీ (అంటే 3,000 జీబీ) హార్డ్‌డిస్కుని కంప్యూటర్ 746 జీబీగా చూపించినప్పుడు సూపరింటెండెంట్ గారు క్షణం కూడా తడబడలేదు. "షాపోడు నొక్కేశాడు" అని తేల్చేశారు.

కంప్యూటర్‌ని అనుమానించడం ఆయన వల్ల అయ్యే పని కాదు. అందులో ఉండేది విండోస్ ఎక్స్‌పీ. 2001లో పుట్టింది. 2014 ఏప్రిల్ 8న మైక్రోసాఫ్ట్ దానికి నీళ్లొదిలేసినా మన ఆఫీసు మాత్రం వదల్లేదు. ప్రతి ఆయుధ పూజకీ పెట్టిన కుంకుమ బొట్లు సీపీయూ మీద ఒకదాని మీద ఒకటి పేరుకుని పెచ్చులు కట్టాయి. అట్టాంటి దేవుడు అబద్ధం చెబుతాడా?

షాపు కుర్రాడిని పిలిపించారు. అటెండర్ డిస్కుని అరచేతిలో పెట్టుకుని బరువు చూశాడు. "తేలిగ్గానే ఉంది సార్" అన్నాడు. కుర్రాడు ఇంకో డిస్కు తెచ్చి పెట్టాడు. మళ్లీ 746. "రెండిట్లోనూ సమానంగా నొక్కావంటే నువ్వు గట్టోడివే అబ్బయ్యా" అన్నారు సార్. కుర్రాడు పాపం తన ల్యాప్‌టాప్‌కి తగిలించి చూపించాడు. 2,794 జీబీ. సార్ కళ్లు మెరిశాయి. "చూశావా! ఇక్కడా 206 తక్కువేగా!"

ఆ 206 మాత్రం నిజంగా తరుగే. కంపెనీవాడు టీబీ అంటే లక్ష కోట్ల బైట్లని లెక్కేస్తాడు, కంప్యూటర్ 1,024 చొప్పున కొలుస్తుంది. కుర్రాడు అంతదూరం వెళ్లకుండా "అది కంపెనీ తరుగు సార్" అన్నాడు. ఆ ఒక్క మాట అందరికీ అర్థమైంది. మొత్తం పంచాయితీలో అర్థమైంది అదొక్కటే.

అసలు సంగతి ఏందంటే, డిస్కు నిండా 512 బైట్ల గదులుంటాయి. ఎక్స్‌పీ కాలం లెక్క ప్రకారం గది నెంబరుకి 32 బిట్లే చోటు, అంటే సుమారు 429 కోట్ల గదుల దాకానే. ఈ డిస్కులో గదులు 586 కోట్లు. పాత స్కూటర్ మీటర్ గిర్రున తిరిగి సున్నాకొచ్చినట్టు, ఆ మిషన్లోని పాత డ్రైవర్ (డిస్కుని నడిపే సాఫ్ట్‌వేర్) 429 కోట్ల దగ్గర మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టి, మిగిలిన 157 కోట్లే మొత్తం డిస్కు అనుకుంది. అదే 746 జీబీ. డిస్కులో గదుల పట్టిక రాసే కొత్త పద్ధతి, జీపీటీ అంటారు, దాంట్లో రాస్తే డిస్కంతా వాడుకోవచ్చు, ఎక్స్‌పీ తర్వాతొచ్చిన విస్టా నుంచి విండోస్‌లన్నీ దాన్ని చదువుతాయి. 32 బిట్ల ఎక్స్‌పీకి మాత్రం ఆ అక్షరాలు రావు. ఇదేమీ రహస్యం కాదు. కుర్రాడు చెప్పబోయాడు కూడా. "నువ్వు మాకు చెప్పేదేంది" అని నోరు మూయించారు.

వరండాలో బెంచీ మీద ఒక పెద్దావిడ ఉంది. ఆత్మకూరు నుంచి మూడోసారి వచ్చింది, మొగుడి పేరు మీదున్న కాగితం కోసం. ప్లాస్టిక్ కవర్లో ఆధార్ జిరాక్సులు నలిగిపోయి ఉన్నాయి. "సిస్టంలో ప్లేసు లేదమ్మా, వారం ఆగి రా" అన్నారు. ఏమయ్యా, ఆమె బస్సు చార్జీ ఎవడిస్తాడు? డిస్కు కొనడానికి డబ్బుంది, కొనేముందు ఇది ఈ మిషన్‌కి పడుతుందా అని ఒక్క ముక్క అడగడానికి నోరు లేదు. ఏళ్ల తరబడి సెక్యూరిటీ అప్‌డేట్ లేని పెట్టెని ఇంటర్నెట్‌కి తగిలించి, జనం ఆధార్ కాపీలన్నీ అందులో కుక్కుతున్నారు. విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేయరు, కొత్త మిషన్ అడగరు. అదేమంటే "పనిచేస్తా ఉందిగా" అంటారు. ఎవరికి పనిచేస్తా ఉంది? సిగ్గుండాలి.

నిన్న అటెండర్ కనిపించి సమస్య తీరిపోయిందన్నాడు. సార్ స్వయంగా కాలిక్యులేటర్ తీసుకుని 746ని నాలుగుతో గుణించారంట. 2,984 వచ్చింది. "మూడు టీబీకి 16 తక్కువ, సర్దుకుందాం" అన్నారంట. అట్టాంటి డిస్కులు ఇంకో మూడు కొనడానికి నోట్ ఫైల్ పైకి వెళ్లింది. సంతకం కూడా పడింది.