మూడు గంటలు మింగిన మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ గారికి

మహారాజశ్రీ మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ గారి దివ్య సముఖానికి, నల్లగొండ నుంచి ఒక పాటల రచయిత నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. పల్లవి ఒక్కటే పోయింది.

ఆదివారం పొద్దున దేవరకొండ బస్సులో దొరికిన పల్లవి అది. ఇల్లు చేరేదాకా నోట్లోనే పెట్టుకుని తెచ్చాను. కండక్టర్‌ను చిల్లర కూడా సైగతోనే అడిగాను. రెండింటికి మిమ్మల్ని తెరిస్తే, ఎప్పటిలాగే 120 టెంపో, నాలుగు దెబ్బల తాళం పరిచి కూర్చున్నారు. నా పాటేమో మూడు దెబ్బల మీద ఊగుతుంది. సర్లెండి, మార్చుకున్నాను. మైకు డ్రైవర్ కనబడట్లేదన్నారు, మళ్లీ ఎక్కించాను. వీటికి అలిగే మనిషిని కాదు.

కానీ ఆ ఆలస్యం ఉంది చూశారూ! నేను పాడుతుంటే హెడ్‌ఫోన్‌లో నా గొంతు నా వెనకాల నడిచి వస్తోంది. బఫర్, అంటే మీరు శబ్దాన్ని పోగేసుకుని ఒక్కసారి మోసే మూట, 1024 శాంపిళ్లు (శబ్దపు తునకలు). సెకనుకు 44,100 శాంపిళ్ల రేటు మీద పోవడానికి 23 మిల్లీసెకన్లు, రావడానికి మరో 23. అదెంతలే అంటారేమో, ఆపాటికి శబ్దం గాలిలో దాదాపు 16 మీటర్లు పోతుంది. అంటే నేను గదిలో ఉంటే, నా గొంతు వీధిలో వేపచెట్టు కింద నిలబడి పాడుతోందన్నమాట. దాని కోసం ఆగితే పాట సాగుతుంది. బఫర్ 64కు దించాను. ఆలస్యం పోయింది, ప్రాసెసర్‌కు ఊపిరాడక పేలాలు వేయించిన చప్పుడు మొదలైంది. 128, పేలాలు. 256, అక్కడక్కడ పేలాలు. 512, గొంతు వేపచెట్టు దగ్గర్నుంచి గేటు దాకా వచ్చి ఆగింది. పక్క గదిలోంచి అమ్మ, "ఏంది బిడ్డా, ఒక్క ముక్కనే ముప్పై సార్లు పాడుతున్నవ్, మిగతాది మరిచిపోయినవా?" అంది.

ఐదింటికి తెలిసింది. మైకు తగిలించే డబ్బా మీదే ఒక మీట ఉంది, డైరెక్ట్ మానిటర్. నొక్కితే గొంతు కంప్యూటర్‌లోకి పోయి తిరిగి రాకుండా నేరుగా చెవికి వస్తుంది. ఏడాదిగా నా మోచేతి పక్కనే ఉంది! నొక్కాను. ఈసారి ఇద్దరం పాడాం, నేనూ, నా వెనకాల నేనూ. మీ ట్రాకులో మానిటరింగ్, అంటే మీరు నా గొంతు నాకే తిరిగి వినిపించడం, కూడా ఆపాలట. ఆపాను. అద్దంలా వినిపించింది. పాడదామని నోరు తెరిస్తే పల్లవి లేదు.

ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయేది? అప్‌డేట్ వచ్చిందని వారం వారం తలుపు తడతావే, ఆ మీట సంగతి చెప్పడానికి నోరు రాలేదా?

వంటింట్లో అమ్మ కూనిరాగం తీస్తోంది. నా పల్లవే. గోడ అవతల నుంచి విని పట్టేసింది. రెండో పాదం చివర కొంచెం తిప్పింది కూడా, నా దానికన్నా బాగుంది (ఆ మాట ఆమెకు చెప్పలేదు). ఫోన్‌లో రికార్డు చేశాను. సరిగ్గా ఆ తిప్పు దగ్గరే కుక్కర్ కూసింది.

ఆ కూత తీయాలంటే మళ్లీ నీ గడపే తొక్కాలి. రాత్రి వస్తున్నా. ప్లగిన్లన్నీ (నీకు తగిలించిన ఆ అదనపు పనిముట్లన్నీ) లోడ్ చేసుకోవడానికి నీకెంత సేపు పడుతుందో నాకు తెలుసు, ఇప్పుడే మొదలుపెట్టు.

ఇట్లు,
వేపచెట్టు కింది గొంతు