తల మీద నుంచి పోయే గిరాకీ

మెట్రో స్టేషన్ పక్క షాపుకు అద్దె ఎక్కువంటే ఎవరూ కాదనరు. జనం దిగుతారు, కొంటారు, గల్లా నిండుతుంది. ఈ సూత్రాన్ని హైదరాబాద్ షాపుల ఓనర్లు ఇంకా లోతుకు తీసుకెళ్లారు. స్టేషన్ మెట్ల కిందున్న జిరాక్స్ సెంటర్‌కూ, రెండు స్టేషన్ల నడుమ పిల్లర్ వెనక ఇరుక్కున్న టైలర్ షాపుకూ వాళ్లు తేడా చూపరు. అంత సమదృష్టి ఋషులకే సాధ్యం.

అగ్రిమెంట్ రెన్యువల్‌కు వచ్చిన ఓనరుగారు షట్టర్ ముందు నిలబడి వేలు పైకెత్తుతారు.

"చూశావా మాస్టరూ, ఎంత పబ్లిక్ పోతున్నారో!"

"పోతున్నారు సార్. పైన."

"పైనైతేనేం, పబ్లిక్ పబ్లిక్కే."

"దిగట్లేదు సార్."

"దిగడం, దిగకపోవడం వాళ్లిష్టం. లొకేషన్ నాది."

"పిల్లర్ అడ్డమై నా బోర్డే కనబడట్లేదు. షాపు ముందు బండి ఆపితే ట్రాఫిక్ వాళ్లు ఎత్తుకుపోతున్నారు."

"బండెందుకయ్యా? మెట్రో ఉందిగా!"

మెడలో టేపున్న మాస్టర్ స్టేషన్ దాకా కొలిచి చూపిస్తానన్నా లాభం లేదు. ఓనరు దూరాన్ని గజాల్లో లెక్కపెట్టరు. 'ఐదు నిమిషాల నడక' అంటారు. ఆ నడిచినవాడెవడో గానీ మన ఫుట్‌పాత్ మీద మాత్రం నడవలేదు. పైన విమానాలు కూడా పోతున్నాయని ఆయనకింకా తట్టలేదు, అదొక్కటే అదృష్టం.

రైలు నడిపిన ఎల్ అండ్ టీ కూడా రాబడిలో దాదాపు సగం అద్దెల నుంచే వస్తుందని లెక్కేసుకుంది. పంజాగుట్టలో, ఎర్రమంజిల్‌లో మాల్స్ కట్టింది. చివరికి వేల కోట్ల అప్పు మిగిలింది. అంత పెద్ద కంపెనీకి తప్పిన లెక్క పది అడుగుల షట్టర్ వెనక కుట్టు మిషన్‌కు కుదరాలట!

అసలు ఒళ్లు మండేది ఇక్కడ. 2012లో పనులు మొదలయ్యాయి. 2017 నవంబరులో గానీ మియాపూర్, నాగోలు మధ్య రైలు కదల్లేదు. అన్నేళ్లు బారికేడ్ల వెనక దుమ్ము తింటూ, బోణీ లేకపోయినా రోజూ షట్టర్ ఎత్తింది ఎవరు? అప్పుడు అద్దెలో రూపాయి తగ్గించడానికి చేతులు రాలేదే! సుల్తాన్‌బజార్ వ్యాపారులు బతుకు పోతుందని రోడ్డెక్కితే అభివృద్ధికి అడ్డమన్నారే! రైలు మా పన్నులతో, మా టికెట్లతో నడుస్తోంది. ఓనరు ఒక్క ఇటుక పెట్టలేదు. పెరిగిన విలువంతా ఆయనదే, పోయిన గిరాకీ మాత్రం మాస్టర్‌ది. సిగ్గుండక్కర్లా?

ఎల్‌బీ నగర్ నుంచి హయత్‌నగర్ లైను ఇంకా కాగితాల మీదే ఉంది. అటు షాపు చూసుకోవాలనుకునేవాళ్లు త్వరపడండి. పిల్లర్ లేవకముందే 'ప్రపోజ్డ్ మెట్రో' రేటు మొదలవుతుంది. అడ్వాన్స్ పది నెలలు, దుమ్ము ఫ్రీ.