నూరేళ్ల కరకట్ట

అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ నగరం మునిగిపోతుందేమోనని హరికేన్ల కాలం వచ్చినప్పుడల్లా బెంగపడేవారు ఆ నగరాన్ని తక్కువ అంచనా వేస్తున్నారు. మునగడానికి అది ఏ హరికేన్ కోసమూ ఎదురుచూసే రకం కాదు. 1718లో దాన్ని స్థాపించినవారు, పాపం, ముందుచూపు లేక, మిసిసిపీ నది తన ఒండ్రుతో తానే పోసిపెట్టిన మెరక మీద ఇళ్లు కట్టుకున్నారు. 20వ శతాబ్దపు ఇంజనీర్లు వచ్చి, పెద్ద పంపులు బిగించి, వెనుకనున్న చిత్తడి నేలను తోడి ఆరబెట్టాక గానీ అసలు ప్రగతి మొదలుకాలేదు. నీరు పోయిన నేల కుంగింది. కుంగిన చోటికి మరింత నీరు చేరింది. దాన్ని తోడటానికి మరిన్ని పంపులు కావలసి వచ్చాయి. ఈ నిర్విరామ కృషి ఫలితంగా నేడు నగరంలో దాదాపు సగం సముద్ర మట్టానికి దిగువన ఉంది. 2017 ఆగస్టు 5న కొన్ని పంపులు పనిచేయనందున, పేరైనా పెట్టని ఒక వానకే వీధులు చెరువులయ్యాయి.

అయినా తప్పంతా తుఫానుదే. 1965లో బెట్సీ హరికేన్ ముంచి వెళ్లాక, అమెరికా కాంగ్రెస్ అదే ఏడాది కరకట్టల పథకాన్ని ఆమోదించింది. 13 ఏళ్లలో ముగుస్తుందనుకున్న పని, 40 ఏళ్లు గడిచాక వేసిన లెక్క ప్రకారం 2015కు పూర్తి కావలసి ఉంది. కత్రినా హరికేన్ మాత్రం ఏ కాగితమూ చూసుకోకుండా 2005 ఆగస్టు 29నే వచ్చేసింది. పదేళ్లు ఆగి ఉంటే దాని సొమ్మేం పోయేది? గోడల మర్యాద మాత్రం మెచ్చుకోదగినది: 17వ వీధి కాలువ మీద, లండన్ అవెన్యూ కాలువ మీద నీరు తమ అంచు దాటి దూకే శ్రమ పడకముందే అవి పక్కకు జరిగి దారి ఇచ్చాయి. నగరంలో 80 శాతం నీట మునిగింది. మృతుల సంఖ్య రాస్తే ఈ వ్యాసం ఇదే గొంతుతో సాగదు గనుక రాయడం లేదు.

తర్వాత సుమారు 14.5 బిలియన్ డాలర్లు పోసి, నూరేళ్ల తుఫానును ఆపగల కొత్త కట్టలు, గోడలు, తలుపులు కట్టారు. నూరేళ్ల తుఫాను అంటే నూరేళ్లకొకసారి వచ్చేదని సామాన్యుడు నిశ్చింతగా నిద్రపోతాడు. నిజానికి అది ఏ ఏడాదైనా ఒక శాతం అవకాశంతో రాగలిగేది, అంటే 30 ఏళ్ల ఇంటి అప్పు తీరేలోగా కనీసం ఒక్కసారి పలకరించడానికి దానికి 26 శాతం అవకాశం ఉంది. ఈ లెక్క చెప్పి నిద్ర చెడగొట్టడం భావ్యం కాదు కాబట్టి పేరు అలాగే ఉంచారు. 2021లో ఐడా హరికేన్ వచ్చినప్పుడు ఆ కట్టలు నిలబడ్డాయి కూడా. కాకపోతే, కట్టలు నిలబడింది కుంగే నేల మీదే, ఎదురుగా ఉన్నది పెరిగే సముద్రమే. అందువల్ల కట్టిన సైనిక ఇంజనీర్ల విభాగమే, ప్రధానమైన పని ముగిసి ఏడాది తిరగకముందే, 2019 ఏప్రిల్‌లో ఒక ప్రకటన చేసింది: నిర్ణీత రక్షణ 2023 నాటికే చాలకపోవచ్చునట. కట్టలకు అప్పుడే నూరేళ్లు నిండాయన్నమాట.