గోరుముద్దలు ఎరగని గుత్తి బిడ్డ

మన ఇళ్లలో పిల్లల పెంపకం దారి తప్పిందని నాకు చాలాకాలంగా అనుమానం. డాలస్‌లో మా అక్క కొడుకు సాలెపురుగు పిల్లను సాకడం చూశాక ఆ అనుమానం నిజమేనని తేలిపోయింది.

అది పరాయిదేం కాదు, మనదే. గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన నీలం టారాంటులా అనే ఈ పెద్ద సాలీడు జాతి గురించి 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త రాశాడు. దుంగల్లో దూరి రైలెక్కి వచ్చి ఉంటుందట. టికెట్ ఎవరూ అడిగినట్టు లేరు. దాని సొంతూరు నంద్యాల, గిద్దలూరు మధ్య అడవి అని 2001లో గానీ తేలలేదు. అక్కడ చెట్లు తగ్గి, దాని ఉనికే ప్రమాదంలో పడింది. మావాడి దగ్గరున్నది మాత్రం అమెరికాలోనే డబ్బాలో పుట్టింది. మావాడికి ఇంకా గ్రీన్ కార్డు రాలేదు.

ఇక దాని భోజనం. కీచురాయి కాలు ఒక్కటి తుంచి పెడితే అన్నప్రాశన అయిపోయినట్టే. ఎగరలేని రకం పండ్ల ఈగలు పెట్టినా సరే. పెట్టే పురుగు దాని పొట్ట కంటే పెద్దది కాకూడదు. ఈ ఒక్క నియమం మన పెళ్లి భోజనాల్లో పెడితే కేటరింగ్ వాళ్లు రోడ్డున పడతారు. తినకపోతే మర్నాడు తీసేస్తారు. "నా మీద ఒట్టు, ఇదొక్కటీ" అనేవాళ్లు ఆ డబ్బా దగ్గర ఎవరూ ఉండరు.

మా అక్క సంగతి వేరు. చిన్నప్పుడు వీడి వెనక గిన్నె పట్టుకుని నంద్యాల వీధులన్నీ తిరిగిన మనిషి. వీడియో కాల్‌లో ఆ పిల్ల పది రోజులుగా ఏమీ తినలేదని విని, "దిష్టి తగిలిందిరా, ఎండుమిర్చి తిప్పెయ్" అంది.

"కుబుసం విడిచే ముందు తినదమ్మా," అన్నాడు వాడు.

నిజమే. అప్పుడది సాధారణంగా వెల్లకిలా పడుకుంటుంది. తెలియనివాళ్లు చచ్చిపోయిందనుకుంటారు. ముట్టుకోకూడదు. ఆ సమయంలో డబ్బాలో బతికున్న కీచురాయి మిగిలితే, అదే సాలీడును కొరికి చంపగలదు. ఆకలి లేనివాడి ముందు విస్తరి వేస్తే ఏమవుతుందో ఇంతకంటే సాక్ష్యం కావాలా? కుబుసం విడిచాక కూడా తెల్లటి మెత్తని కోరలు నల్లబడి గట్టిపడేదాకా కొన్నాళ్లు పస్తే. ఈలోగా డబ్బాలో ఓ మూల తడి ఆరకుండా చూస్తే చాలు. మన దగ్గర పరీక్ష రాసి వచ్చిన పిల్లాడికి కనీసం చెప్పులు విప్పే వ్యవధి కూడా ఇవ్వం.

వచ్చే నెల అక్క డాలస్ వెళ్తోంది. సామాన్లలో ఆవకాయ, కందిపొడి ఉన్నాయి. నిన్న ఫోన్ చేసి, "పప్పన్నం మెత్తగా పిసికి కొంచెం నెయ్యి వేస్తే అది మాత్రం ఎందుకు తినదురా?" అని నన్నడిగింది.

ఆ మాట మావాడి చెవిన వేశాను. "మామా, చిన్న డబ్బాలకి పట్టే తాళాలు ఎక్కడ దొరుకుతాయి?" అన్నాడు.